నాలుగు సంచుల చీనీకాయలు

ఆ రాత్రి లెక్క రాసుకున్న కాగితం ఇప్పటికీ నా బీరువాలో ఉంది. వచ్చింది 1,12,800 రూపాయలు. ఖర్చయింది 1,02,300. మిగిలింది 10,500. ఇడుపులపాయలో మేం పరుగు పెట్టింది తలసీమియా ఉన్న 11 మంది పిల్లల కోసం. జనం నన్ను నమ్మి ఇచ్చిన ప్రతి రూపాయిలో ఆ పిల్లలకు చేరింది తొమ్మిది పైసలు. తక్కిన తొంభై ఒక్క పైసలు ఖర్చు పెట్టింది నేనే.

నేను వేంపల్లె దగ్గర ఒక బడిలో పీఈటీని. మా ఖోఖో జట్టులో చేరతానని వెంటపడిన ఒక పిల్లవాడు మూడు వారాలకోసారి రెండు రోజులు బడికి వచ్చేవాడు కాదు. వాళ్ల నాయన్ను అడిగితే, "రక్తం ఎక్కించుకొని రావల్ల సార్" అన్నాడు. తలసీమియా మేజర్ ఉన్న బిడ్డకు ఒంట్లో రక్తం సరిగా తయారు కాదు. రెండు నుంచి నాలుగు వారాలకోసారి బయటి రక్తం ఎక్కించాల్సిందే. ఎక్కించినప్పుడల్లా ఒంట్లో ఇనుము చేరుతుంది, గుండెలో, కాలేయంలో పేరుకుంటుంది. దాన్ని బయటికి పంపడానికి మందులు వాడుతూనే ఉండాలి. రక్తానికి డబ్బు కట్టాల్సిన పని లేకపోయినా బస్సు ఛార్జీలున్నాయి, పరీక్షలున్నాయి, వెళ్లిన రోజు తండ్రికి పోయే కూలి ఉంది. ఆ దారి ఖర్చు కోసమే పరుగు పెట్టాలనుకున్నాను. సంక్రాంతి దాటాక ఒక ఆదివారం, ఐదు కిలోమీటర్లు, పది కిలోమీటర్లు.

ఇడుపులపాయనే ఎంచుకోవడానికి కారణముంది. కొండల అంచున మంచి రోడ్డు, పొద్దున పూట రద్దీ ఉండదు. 2008లో వచ్చిన ట్రిపుల్ ఐటీలో వేల మంది పిల్లలున్నారు. పైగా 2012లో ఒకసారి, 2017లో ఒకసారి ఇచ్ఛాపురం దాకా పాదయాత్రలు బయలుదేరింది ఈ ఊరి నుంచే. ఆ రోజుల్లో ఇక్కడ ఇసుక వేస్తే రాలనంత జనాన్ని కళ్లారా చూశాను. జనం రావడం వేరు, వచ్చినవాళ్లు తలా ఒక పని ఎత్తుకోవడం వేరు. అది నాకు అప్పుడు తట్టలేదు.

వాలంటీర్ల కోసం వాట్సాప్ గ్రూపు పెట్టాను. వారం తిరిగేలోగా 118 మంది చేరారు. ఆ అంకె చూసుకొని మురిసిపోయాను. అందరికీ ఒకటే మాట పెట్టాను: "ఆదివారం ఐదు గంటలకల్లా రండి, పని అక్కడ చెప్తాం." పరుగు మరుసటి రోజే కొందరు విద్యార్థులకు పరీక్ష ఉందని శనివారం రాత్రి తెలిసింది. తేదీ ఖాయం చేసేముందు ఒక్క విద్యార్థినైనా అడిగి ఉంటే ఆ సంగతి ముందే తెలిసేది. పొద్దున్నే వచ్చింది 41 మంది. వాళ్లైనా ఏం చేయాలో తెలియక వేదిక చుట్టూ నిలబడ్డారు. పాపం, చాలామంది వేరే జిల్లాల నుంచి వచ్చిన ట్రిపుల్ ఐటీ పిల్లలు. "ఆ మలుపు దగ్గరికి వెళ్లండి" అంటే ఏ మలుపో వాళ్లకు తెలియదు.

పది కిలోమీటర్ల పరుగులో వెనక్కి తిరగాల్సిన చోట ఇద్దర్ని నిలబెట్టాను. వాళ్లకు టిఫిన్ ఎవరు తెచ్చిస్తారో ఆలోచించలేదు. ఆకలేసి టిఫిన్ కోసం వెళ్లారు. వాళ్లు లేని ఆ పావుగంటలో ఒక గుంపు మలుపు దాటి నేరుగా వెళ్లిపోయింది. అందులో ఒక తొమ్మిదో తరగతి అమ్మాయి రోడ్డు పక్కన కూలబడింది. అక్కడ మా నీళ్లు లేవు, మా మనిషి లేడు. ఇంటి ముందు కసువు ఊడుస్తున్న ఒక అవ్వ చీపురు పారేసి వచ్చి, బిడ్డను నీడకు చేర్చి, ఉప్పు వేసిన మజ్జిగ తాపించింది. నేను బండి మీద వెళ్లేసరికి ఆ పిల్ల తేరుకొని అవ్వ ఒడిలో తల పెట్టుకొని ఉంది. "ఎండకు పిల్లోళ్లను ఇట్ల వదిలేస్తారా నాయనా?" అంది అవ్వ. ఆమెకు ఏం జవాబు చెప్పాలో నాకు తెలియలేదు. ఆ పిల్లకు ఇంకేదైనా జరిగి ఉంటే అన్న తలంపు ఇప్పటికీ కొన్ని రాత్రులు నన్ను నిద్రపోనివ్వదు.

డబ్బు సంగతి ఇంకా పెద్ద తప్పు. ఒక వ్యాపార సంస్థ 60,000 ఇస్తామంది. నోటిమాటే, కాగితం లేదు. ఆ మాట పట్టుకొని 400 టీషర్టులకు ఆర్డరిచ్చాను, రొమ్ము మీద వాళ్ల పేరు వేయించి. 56,000. పతకాలకు 22,000. వేదిక, మైకు, షామియానాకు 14,500. వాళ్ల దగ్గర్నుంచి చివరికి అందింది 25,000. వాళ్లను నేనేమీ అనను. రాసివ్వమని అడగనిది నేను, చేతికి రాని డబ్బు ఖర్చు పెట్టింది నేను.

కానీ నన్ను ఎక్కువ బాధపెట్టేది 9,800 రూపాయల బిల్లు. నీళ్లు, గ్లూకోజు, పండ్లు. ఆ పండ్లు పులివెందుల నుంచి తెప్పించిన చీనీకాయలు.

పరుగుకు నెల ముందు చందా కోసం ఒక రైతు దగ్గరికి వెళ్లాను. ఆయన కొడుకు నా దగ్గర చదువుకున్నాడు. "దుడ్లు ఇప్పుడు యాడుండాయి సార్, తోట ఇంకా వ్యాపారికి ఇయ్యల్యా. నాలుగు సంచుల కాయలిస్తా, పరిగెత్తేటోళ్లకు కోసి పెట్టండి" అన్నాడు. "కాయలు వద్దులే అన్నా, ఎంతో కొంత డబ్బే ఇవ్వు" అన్నాను. ఆయన లోపలికి వెళ్లి 200 తెచ్చిచ్చాడు. ఆ 200 కోసం ఇంట్లో ఎవరినో అడగడం నాకు వినిపించింది. విని కూడా తీసుకున్నాను, రశీదు రాసిచ్చాను.

వేంపల్లెలో కొందరు కుర్రాళ్లు, "మేం పరిగెత్తలేం సార్, రక్తమిస్తాం" అన్నారు. "అది వేరే కార్యక్రమం" అని పంపేశాను. నా కాగితంలో పేరు, ఫోను నంబరు, మొత్తం అని మూడే గడులున్నాయి. రక్తం రాసుకునే గడి లేదు. రక్తం కావాల్సిన పిల్లల కోసం పరుగు పెడుతూ రక్తమిస్తామన్నవాళ్లను తిప్పి పంపాను. పద్దెనిమిదేళ్లు నిండి, 45 కిలోల బరువుండి, ఆరోగ్యంగా ఉన్న మగవాళ్లు మూడు నెలలకోసారి, ఆడవాళ్లు నాలుగు నెలలకోసారి ఇవ్వొచ్చు. మూడు వారాలకోసారి ఒక యూనిట్ కావాల్సిన బిడ్డకు ఏడాదికి పదిహేడో పద్దెనిమిదో కావాలి. గ్రూపు కుదిరిన కుర్రాళ్లు ఐదుగురు వంతులేసుకుంటే ఆ బిడ్డకు ఏడాది గడుస్తుంది. ఈ లెక్క నేను వేసింది పరుగు అయిపోయాక.

ఇదంతా నాకు తెలియని విద్య కాదు. మా సీమ తిరునాళ్లలో బండలాగుడు పోటీలు చూస్తూ పెరిగినవాణ్ణి. మొదటి బహుమతి ఒకరిస్తారు, రెండోది ఇంకొకరు, మూడోది మరొకరు. ఎడ్లకు మేత ఒకరు, వచ్చినవాళ్లకు అన్నం ఒకరు, నీళ్ల ట్యాంకరు ఒకరు. ఎంత చిన్నది ఇచ్చినా దాత పేరు మైకులో వినపడుతుంది. గడియారం పట్టేవాడు వేరు, లాగిన దూరం అడుగుల్లో కొలిచేవాడు వేరు, జనం తాడు దాటకుండా చూసేవాడు వేరు. ఎవరూ ఎవరినీ వాలంటీరు అనరు. నేను మాత్రం నగరాల మారథాన్ల ఫొటోలు చూసి, పరుగు అంటే టీషర్టు, పతకం, వెనకాల పేర్ల బ్యానరు అనుకున్నాను.

తర్వాత టెర్రీ ఫాక్స్ గురించి చదివాను. కేన్సర్‌తో కుడికాలు పోయిన కెనడా యువకుడు. 1980 ఏప్రిల్ 12న కృత్రిమ కాలుతో పరుగు మొదలుపెట్టి, 143 రోజుల్లో 5,373 కిలోమీటర్లు వెళ్లాడు. జబ్బు ఊపిరితిత్తులకు పాకడంతో ఆగాడు, మరుసటి ఏడాది పోయాడు. దేశంలో మనిషికి ఒక డాలరు అడిగాడు. తన పరుగును ఏ కంపెనీ ప్రచారానికీ వాడుకోనివ్వలేదు.  అది చదివిన రోజు మా ఇంట్లో మిగిలిపోయిన టీషర్టులు 88, అటక మీద. పరిగెత్తింది 312 మందే.

మరుసటి ఏడు పరుగు వద్దనుకున్నాను. ఆ పిల్లల తల్లిదండ్రుల్లో ఒకరు, పోయినసారి పంచిన వెయ్యి లోపు డబ్బుకే నాకు చేతులెత్తి దండం పెట్టినామె, "ఈసారి ఎప్పుడు సార్?" అని అడిగింది. కాదనలేకపోయాను.

ఈసారి టీషర్టు లేదు, పతకం లేదు. ఛాతీకి కాగితం నంబరు, చేతికి సర్టిఫికెట్టు. ఎవరి దగ్గరికి వెళ్లినా ఇంత కావాలని అడగలేదు, "నీకు ఏం వీలవుతుంది?" అని అడిగాను. ఒకాయన ట్యాంకరు ఇచ్చాడు, ఒకాయన మైకు. 34 మందినే పిలిచాను. ఎవరు ఎక్కడ నిలబడాలో ముందు రోజు ఆ చోటుకే తీసుకెళ్లి చూపించాను. ఒక్కొక్కరికి తోడుగా మరొకర్ని పెట్టి, టిఫిన్ వాళ్లున్న చోటికే పంపాను. వెనక్కి తిరిగే మలుపు దగ్గర అవ్వ మజ్జిగ కుండతో కూర్చుంది. పరుగు నాడు రక్తం తీసుకోవడం మంచిది కాదని, రక్తదానం రెండు వారాల తర్వాత పెట్టుకున్నాం. ఆ ఏడు వచ్చింది తక్కువే, 71,400. ఖర్చు 13,900. పిల్లలకు 57,500.

చీనీ రైతు దగ్గరికి వెళ్లడానికి మాత్రం కాళ్లు రాలేదు. పరుగుకు ముందు, డిసెంబరు చివర్లో ధైర్యం చేసి వెళ్లాను. తప్పయింది అన్నా అన్నాను. ఆయన డ్రిప్పు పైపు సర్దుకుంటూ, "సంచులు నువ్వే తెచ్చుకో సార్, నా దగ్గర లేవు" అన్నాడు.

పరుగు నాడు కాయలతో పాటు తనూ వచ్చాడు, కత్తి తెచ్చుకొని. దాతల పేర్లు మైకులో నేనే చదివాను. ఆయన పేరు వచ్చినప్పుడు అటు చూశాను. తలెత్తలేదు. పక్కన కూర్చున్న ట్రిపుల్ ఐటీ అమ్మాయికి, రసం కారిపోకుండా కాయను ఎట్లా కోయాలో చూపిస్తున్నాడు.