కౌంట్ లేని పేజీలు

మా మైపాడు వైపు రొయ్యల రైతుని "ఎట్టుండారు?" అని అడిగి చూడండి. ముందు కౌంట్ చెప్తాడు, తర్వాతే బాగోగులు. కిలోకి 100 రొయ్యలు తూగితే 100 కౌంట్, 30 తూగితే 30 కౌంట్. నంబర్ తగ్గేకొద్దీ రొయ్య పెద్దది, రేటు ఎక్కువ. ఫోన్లో మాత్రం రివర్స్. లైకులు, వ్యూస్ పెరిగితేనే మనం పెద్దోళ్లం. నాకు ఈ రెండు కౌంట్లతోనూ రోజూ పనే.

డిగ్రీ అయ్యాక గుంట కాడ రాత్రి కాపలా నా డ్యూటీ అయింది. రొయ్యలకి తెల్లవారుజామే గండం. ఎండ ఉన్నంతసేపు ప్లాంక్టన్ అనే సన్న నాచు నీళ్లకి ఆక్సిజన్ ఇస్తుంది. రాత్రయితే అదీ, రొయ్యలూ కలిసి ఆ ఆక్సిజన్ వాడేస్తాయి. కోడి కూసే వేళకి అడుగంటుతుంది. అందుకే ఏరేటర్లు ఆగకూడదు. కరెంటు పోతే వెంటనే జనరేటర్ వేయాలి. చెక్ ట్రే లేపి మేత ఎంత మిగిలిందో రిజిస్టర్‌లో రాయాలి. అమావాస్యకీ పౌర్ణమికీ రొయ్యలు కుబుసం విడుస్తాయని మేత తగ్గిస్తాం. అదీ రాయాలి.

ఒక రాత్రి ఆ రిజిస్టర్ చివరి పేజీలో లెక్క కానిది ఒకటి రాశాను. "ఏరేటర్ల మోతలో హాయిగా నిద్రపోతాం. మోత ఆగితే ఉలిక్కిపడి లేస్తాం. మాకు నిశ్శబ్దమే అలారం." మర్నాడు ఇంకోటి. టార్చి వేస్తే నీళ్లలో నిప్పుకణికల్లా మెరిసే రొయ్యల కళ్ల గురించి.

"రీల్ చెయ్ మామా, వ్యూస్ వస్తాయి" అన్నారు ఫ్రెండ్స్. చేస్తే తప్పేం లేదు. కానీ పోస్ట్ చేసిన మరుక్షణం దానికీ ఒక కౌంట్ తగులుకుంటుంది. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతానికి పెంచితే, ఆ దెబ్బ మా గుంట కట్ట దాకా వచ్చింది. ఈ పంట తర్వాత నేను చెన్నై పోయి ఉద్యోగం చూసుకోవాలా అన్న మాట ఇంట్లో ఇంకా తేలలేదు. ఇలాంటప్పుడు రేటు పడినా, వ్యూస్ రాకపోయినా విలువ తగ్గనిది ఒక్కటైనా నా దగ్గర ఉండాలనిపిస్తుంది. మీకూ అలాంటిది ఒకటి ఉందా?

మొన్న నాయన మేత లెక్క చూస్తూ చూస్తూ చివరి పేజీ తిప్పాడు. "లెక్కల పుస్తకంలో ఈ కతలేందిరా అబ్బయ్యా?" అన్నాడు. కోప్పడతాడేమో అనుకున్నా. కాసేపు చదివి, కట్ట మీద నా పక్కనే కూర్చున్నాడు. 1990ల మధ్యలో వైట్‌స్పాట్ వచ్చి టైగర్ రొయ్య తుడిచిపెట్టుకుపోయిన రోజుల గురించి ఇంట్లో ఎప్పుడూ నోరు విప్పని మనిషి.

"అప్పుడు నేనూ రాత్రుళ్లు ఈ కట్ట మీదే కూసోనుండా. అది కూడా రాయి" అన్నాడు.

ఆయన చెప్పుకుంటా పోయాడు. తెల్లారేసరికి నాలుగు పేజీలైనాయి. ఇంకా మిగిలుంది.