కనబడనివైపు రంగు

ఇల్లాలి నేర్పును తెలిసికొనవలెనన్న బీరువా వెనుకప్రక్కను, చీర లోపలికుట్టును చూడవలెనని మా అమ్మమ్మగారు చెప్పుచుండెడివారు. అతిథి కూర్చుండుచోటును ఎవరైనను శుభ్రముగా నుంచుదురు. ఎవరును తొంగిచూడని మూలయే యింటివారి మనస్సును బయటపెట్టునని వారి యభిప్రాయము. గడచిన వేసవిలో మేమొక పాత మోటారుబండి క్రింద గోనెపట్టా పరచుకొని వెల్లకిల పండుకొన్నప్పుడు ఆ మాట జ్ఞప్తికి వచ్చినది. సోదరీమణులు నవ్వకుందురుగాక! బండి పొట్టక్రింది రంగును గూర్చి మా యింట నెలదినములు చర్చ జరిగినది. ఆ చర్చలో మేము నేర్చుకొన్నది కొంత కలదు.

మా మామగారు కోనసీమలో వైద్యులుగా నుండిరి. వారు 1972లో ఒక అంబాసిడరు బండిని కొనిరి. మార్కు టూ రకము, మీగడరంగు. అర్ధరాత్రివేళ వానలో, కాలువగట్ల వెంబడి, పురిటినొప్పులు పడు స్త్రీలనెందరినో ఆ బండిలోనే ఆసుపత్రికి చేర్చిరని ఊరివారు నేటికిని చెప్పుకొందురు. 2019లో వారు స్వర్గస్థులైనపిదప బండి పాకలో నిలిచిపోయినది. మావారు బడిపంతులు, జీతము మితము. గత సంక్రాంతినాడు మా అత్తగారు తమ చేతి గాజులు రెండు తీసి మావారి యెదుట నుంచి, "నేను పోవులోపల ఆయన బండి ఒక్కసారి రోడ్డెక్కవలె నాయనా" అనిరి. ఆ గాజులలో ఒక్క గురువింజయెత్తు బంగారమును వృథా పోరాదని మేము ఆనాడే నిశ్చయించుకొంటిమి.

ఇచట అంబాసిడరు నిర్మాణమును గూర్చి రెండుమాటలు చెప్పవలసియున్నది. ఇంగ్లండులోని మారిస్ ఆక్స్‌ఫర్డు మూడవ తరగతి బండి దీనికి మూలము. కలకత్తాకు చేరువనున్న ఉత్తరపారలో హిందుస్థాన్ మోటార్సువారు దీనిని నిర్మించిరి. 2014లో నిర్మాణము నిలిపివేసిరి. లారీవలె దీనికి వేరుగా చట్రము లేదు. నేలరేకు, ప్రక్కరేకులు, పైకప్పు అన్నియు కలిసి అతుకబడి యొకే పెట్టెగా నిలుచును. కావున లారీ నేలరేకు తుప్పుపట్టిన రేకు మాత్రమే పోవును. అంబాసిడరు నేలరేకు తుప్పుపట్టిన ఎముకయే పోవును. పైరంగు వెలసినచో అందము తగ్గును గాని, అడుగు తుప్పుపట్టినచో కూర్చున్నవారి ప్రాణములకే ముప్పు.

మరియొక విషయము. మొదటి రిజిస్ట్రేషను జరిగి 50 ఏండ్లు దాటిన సొంతబండ్లు తమ మొదటి రూపమును పోగొట్టుకొనక నిలిచియున్నచో, వానిని పురాతనవాహనములుగా నమోదు చేయుటకు కేంద్రప్రభుత్వమువారు 2021లో నిబంధనలు చేసిరి. మా బండికి ఆ వయస్సు నిండినది. కావున మొదటి రూపమన నేమియో మేమును విచారింపవలసి వచ్చినది.

మొదట పట్టణములోని యొక షెడ్డునకు పోతిమి. అచటి యజమాని జాకీపై బండి నెత్తి, టార్చిలైటు వేసి చూచి, "అడుగంతా నల్లని రబ్బరు కోటింగు దట్టంగా కొట్టేస్తానండీ. ఒక్కరోజు పని. పైకి కొత్తబండిలా ఉంటుంది. అడుగెవరు చూస్తారు?" అనెను. తుప్పును గీకరా యని మావారడుగగా, "గీకితే చిల్లులు బయటపడతాయి మాస్టారూ, అదో పెద్ద ఖర్చు" అని నవ్వెను. ఆ నవ్వుతోడనే మేము బండిని మరలించుకొని వచ్చితిమి.

తుప్పు స్వభావము మీకు తెలియనిది కాదు. అట్లకాడను తడితో వదలిన తెల్లవారుసరికి ఎఱ్ఱబడును. ఇనుమునకు నీరును గాలియు కలిసి తగిలిన తుప్పు పుట్టును; ఉప్పు చేరిన మరింత వేగముగా పుట్టును. సముద్రపుగాలి వీచు మావంటి సీమలో దానికి కొదువ యేమి? పుట్టిన తుప్పు ఇనుముకన్న ఎక్కువ చోటాక్రమించును గనుక పైపూతను పొంగించి పగులగొట్టును. దళసరి నల్లపూత ఒకమూల లేచినచో లోనికి పోయిన నీరు వెలుపలికి రాదు. ముసుగుక్రింది పుండువలె రేకు లోలోపల కుళ్ళును. పైకిమాత్రము నల్లగా నిగనిగలాడుచుండును.

మా యూరిలో మామగారి కాలమునుండియు ఆ బండిని బాగుచేయు ముదుసలి టింకరు మేస్త్రి యొకరున్నారు. పని వారి కప్పగించితిమి. కర్మాగారమున వేసిన రంగేదో మొదట కనుగొనవలెనని మేము పట్టుబట్టితిమి. చిన్ననాట మా తండ్రిగారు మాకు కావ్యములు చెప్పుచు, పాఠనిర్ణయ మెట్లు చేయుదురో వివరించుచుండిరి. వేమన పద్యములను 1829లో ప్రకటించిన బ్రౌనుదొర అనేక ప్రతులను తెప్పించి, పండితులచేత సరిచూపించి పాఠములు కుదిర్చెనని వారివలననే వింటిమి. లేఖకుడు దిద్దినదేది, కవి పలికినదేది యని తెలియుటకు ఎవరి చేయియు పడని ప్రతిని వెదకవలెనట. బండికిని అదియే న్యాయమని మాకు తోచినది. బ్రష్షు చేరలేని చోటులను వెదకితిమి. పెట్రోలు ట్యాంకును పట్టియుంచు పట్టీల వెనుక, నేలరేకు రంధ్రములను మూయు రబ్బరు బిళ్ళల క్రింద, వెనుక కమానుకట్టలను బిగించు బిళ్ళల చాటున కిరసనాయిలు గుడ్డతో తుడిచి చూచితిమి. మూడు చోట్లను ఒకేరంగు కనబడినది: కాలిన యిటుకవంటి యెఱుపు, అనగా రెడాక్సైడు ప్రైమరు. అంచులవద్ద మాత్రము పైనుండి పిచికారి చేసిన మీగడరంగు మంచువలె పలుచగా పడియుండెను. ఆ తుంపరను చూచినప్పుడు యేబదియేండ్లక్రిందట ఆ బండిపై రంగుచల్లిన అజ్ఞాతుని చేయి మాకు కనబడినట్లాయెను.

ఇందొక హెచ్చరిక. పాతరంగులలో సీసము కలిసియుండుట కద్దు. గృహములలో వాడు రంగులందు సీసము పదిలక్షలపాళ్ళలో 90 పాళ్ళు మించరాదను నిబంధన మనదేశమున 2017 నవంబరునుండి మాత్రమే అమలులోనికి వచ్చినది. కావున పాతరంగును, అది బండిదైనను తలుపుదైనను, పొడిగా ఉప్పుకాగితముతో రుద్దరాదు. తడిపి గీకవలెను, ముక్కునకు తగిన మాస్కు ధరింపవలెను, రాలిన పెచ్చులను చీపురుతో ఊడ్వక తడిగుడ్డతో ఎత్తివేయవలెను. పసిపిల్లలను, గర్భిణులను ఆ దాపునకు రానీయరాదు. మేము మా పిల్లలను ఆ పదిదినములు పుట్టినింటికి పంపితిమి.

మరునాడు మేస్త్రి గీకుటకు సిద్ధపడగా మా అత్తగారు పాకలోనికి వచ్చిరి. "అమ్మాయీ, ఆ నల్లతారు మీ మామగారి చేతిపూత. నలుబదియేండ్లు ఆయన పూసినది. దానిని గీకి పారవేసి, ఎక్కడో కలకత్తాలో ఎవరో చల్లిన రంగును అసలైనదందువా?" అనిరి. మాకు మాట రాలేదు. కవి పలికిన పాఠమును వెదకితిమేగాని, ఆ కావ్యమును జీవితమంతయు చదివి వ్యాఖ్యానించినవారి వ్రాతను తుడిచివేయుచున్నామను తలపు మాకు అంతవరకు కలుగలేదు. ఆనాటికి పని నిలిపితిమి. రాత్రి మావారును మేమును చాలసేపు మాటాడుకొంటిమి, ఏమియు తేలలేదు.

ఉదయమున మేస్త్రి, "అమ్మగారూ, ఒక్కచోట చూపిస్తాను, ఆపైన మీ యిష్టం" అని అత్తగారికి స్టూలు వేసి కూర్చుండబెట్టి, ఎడమప్రక్క వెనుకచక్రము ముందరి భాగమున స్క్రూడ్రైవరుతో మెల్లగా తట్టెను. అరచేయంత తారుపెచ్చు ఊడిపడినది. దానిలోపలివైపున తడిమన్నును, పొరలుపొరలుగా తుప్పును ఉండెను. రేకు జల్లెడయై యున్నది. ఆ పెచ్చును అత్తగారు చేతిలోనికి తీసికొని త్రిప్పి త్రిప్పి చూచిరి. కొంతసేపటికి ఇట్లనిరి: "మృగశిరకార్తె వచ్చునంతలో ప్రతియేడును ఆయన గోనెపట్టా పరచుకొని క్రిందికి దూరేవారు. ముందు గీకేవారు, తుప్పు ఉన్నదేమో చూచేవారు, తరువాతనే పూసేవారు. నడుము పడిపోయిన తరువాత పైన పూయించుటయేగాని గీకించినది లేదు. గీకండి నాయనా. ఆయన యుండిన ఆయనే గీకేవారు."

మా సందేహము అప్పుడు తీరినది. మామగారి ధర్మము తారు కాదు, ఏటేట చూచుట. చూచుటకు వీలిచ్చు పూతయే మేము ఎన్నుకొనవలసినది. దళసరి నల్లపూత తుప్పును దాచును. పలుచని లేతరంగు పూత చిన్నమచ్చ పుట్టగనే చూపును. కర్మాగారపు పాతరంగు పలుచనిదే గనుక, ప్రామాణ్యమును క్షేమమును ఒకేదారిని చూపినవి.

ఐనను వెనుకటి మందునే వాడవలెనను మొండిపట్టు మేము పట్టలేదు. పాతకాలపు రెడాక్సైడు ప్రైమరు ఒక్కటియే చెమ్మను పూర్తిగా ఆపలేదు. దానిపై మరొకపూత యుండవలెను. కావున కుళ్ళినచోట్ల క్రొత్త రేకు వెల్డింగు చేయించి, రెండుపాళ్ళు కలిపి వాడు ఎపాక్సీ ప్రైమరు కొట్టించి, దానిపై పాతరంగునకు సరిపోలు పలుచనిపూత వేయించితిమి. పాఠము పాతది, తాటియాకు క్రొత్తది, అందు దోషమేమి? రంగు కలుపుటలో రవికెగుడ్డ కుదిర్చిన అనుభవము మాకు అక్కఱకు వచ్చినది. ట్యాంకుపట్టీ వెనుకటి రంగు పైపొర మాసియుండెను గనుక కొంచెము రుద్ది లోనిరంగును చూచితిమి. మూడు రేకుముక్కలపై మూడు మిశ్రమములు పూయించి, ఆరినపిదప వాకిట పగటివెలుగున సరిచూచి యొకదానిని నిర్ణయించితిమి. దుకాణములోని దీపపువెలుగున రంగును నిర్ణయించినవారు చీరవిషయముననైనను మోసపోవుదురుగదా! అంచులవద్ద మీగడరంగు తుంపరను మేస్త్రి మునుపటివలెనే చల్లెను. నీరుపోవు రంధ్రములను మూయనీయక, బోలుభాగములలోనికి వాటిగుండనే మైనపుమందు చిమ్మించితిమి.

రంగువెలకన్న గీకుటకును వెల్డింగునకును అయిన కూలియే ఎక్కువ. గాజులు రెండును అయిపోయినవి. నడుపువారి స్థానముక్రింద రేకు గట్టిగానున్న ఒకచోట, పళ్ళెమంత మేర, మామగారి నల్లపూతను అట్లే నిలిపి అంచులకు రంగుతో బందోబస్తు చేయించితిమి. ఆ సంగతి అత్తగారితో చెప్పగా వారేమియు అనలేదు. తామే వంగి చూడబోయి, నడుము సహకరింపక మానుకొనిరి. మేము అద్దము పట్టి చూపితిమి.

ఆషాఢమున బండి రోడ్డెక్కినది. అత్తగారు ముందు కూర్చుండి గుడివరకు పోయివచ్చిరి. వానలు వెలిసిన పిదప కార్తీకమున మావారును మేమును గోనెపట్టా పరచుకొని క్రిందికి దూరి దీపముపట్టి చూచితిమి. కుడిచక్రము వెనుక, రాయి తగిలిన చోట, కందిగింజంత మచ్చ యుండెను. నల్లపూత అయియుండిన అది మాకు కనబడెడిదే కాదు. గీకి, తుడిచి, కొంచెము రంగు అద్దితిమి. పావుగంట పని.