ఉల్లిగడ్డ రేటు కనుక్కోని రాండి

రెండు నెలలుగా ఇక్కడ మేము ఏమీ రాయలేదు. ఆరోగ్యం బాగుందా అని కొందరు ఫోను చేసి అడిగారు. బాగున్నాము. జూలైలో మేమిద్దరం మా అమ్మాయి దగ్గరికి, అమెరికాలోని సియాటిల్ నగరానికి వెళ్ళి వచ్చాము. అక్కడి సంగతులు రాయమని అడిగినవారున్నారు. నగరమంతా రాయడం మా వల్ల కాదు. మేము కుదురుగా నిలబడి చూసినవి ఒక సంత, మూడు విమానాశ్రయాలు. మిగతావన్నీ కారు అద్దంలోంచి చూసినవే.

శంషాబాదు విమానాశ్రయం 2008లో మొదలైంది. సంఘపు పిల్లలను సాగనంపడానికి మేము దాని ముందు చాలాసార్లు నిలబడ్డాము గాని, ఆ అద్దాల తలుపు ఎన్నడూ దాటలేదు. టికెట్టు లేనివారిని లోపలికి రానివ్వరు గదా. తల్లులు ఏడ్చేది, మేము ప్రార్థన చేసేది, పిల్లలు చేతులూపేది అంతా ఆ తలుపు బయటే. ఈసారి సాగిపోయేవారం మేమే. పెట్టెలు దించుకుని, బండి ఎక్కడ దొరుకుతుందో తెలియక అటూ ఇటూ చూస్తుంటే, యూనిఫారం వేసుకున్న మనిషి ఒకడు ఖాళీ ట్రాలీ తోసుకుంటూ వచ్చి "అయ్యగారూ, అమ్మగారూ" అన్నాడు.

మా ఊరివాడే. మా సంఘంలో పెరిగిన మనిషి. హైదరాబాదులో పని చూసుకున్నాడని విన్నాము గాని, విమానాశ్రయంలో ట్రాలీలు పోగుచేసే పని అని మాకు తెలియదు. కాంట్రాక్టరు కింద చేరి అప్పటికి ఏడాది దాటిందట. మా పెట్టెలన్నీ తనే ఎక్కించాడు. యాభై రూపాయలు చేతిలో పెట్టబోతే తీసుకోలేదు. తలుపు దగ్గర మాత్రం ఒక మాటన్నాడు: "అక్కడ ఉల్లిగడ్డ ఏం రేటుందో కనుక్కోని రాండి అయ్యగారూ."

నవ్వుతూనే అన్నాడు. మాకు మాత్రం నవ్వు రాలేదు. ఎందుకో చెప్పాలి.

మాది రాయలసీమలో ఉల్లి పండే ఊరు. నాలుగేళ్ళ కిందట ఇతను రెండెకరాల్లో వేసిన పంట అరవై బస్తాలయ్యింది. యార్డుకు తోలుకుపోతే ఆ రోజు పలికిన ధర కోత కూలికి, బండి బాడుగకు కూడా చాలలేదు. వెనక్కి తేవాలంటే మళ్ళీ బాడుగ. రెండు రోజులు అక్కడే పడుకుని, మూడో రోజు బస్తాలను అక్కడే వదిలేసి బస్సెక్కి వచ్చాడు. ఆ వారమే మా సంఘంలో కోతకాలపు పండుగ. ఇంటి దగ్గర మిగిలినవాటిలోంచి ఒక గంప ఉల్లిగడ్డలు ఏరి, మట్టి దులిపి, నెత్తిన పెట్టుకుని తెచ్చి కానుకగా ఇచ్చాడు. పల్లె సంఘాల అలవాటు మీకు తెలిసిందే, వచ్చిన కానుకలన్నీ వేలం పాడతాము. ఆ గంప మూడు వందలు పలికింది. జనం చప్పట్లు కొట్టారు, మేమూ కొట్టాము. యార్డులో బస్తాకు రాని ధర గుడిలో గంపకు వచ్చిందని మాలో ఏ ఒక్కరికీ తట్టలేదు. అతను వెనక వరుసలో తల వంచుకుని కూర్చున్నాడు. భక్తితో వంచాడనుకున్నాము. యార్డు సంగతి మాకు తెలిసింది పదిరోజుల తరువాత, అదీ వేరేవాళ్ళ నోట. మరుసటి ఏడు అతను ఉల్లి వేయలేదు. ఆ తరువాత ఊళ్ళోనే లేడు.

అందుకే ఆ మాట మాతోపాటు విమానమెక్కింది.

దుబాయి గురించి ఎక్కువ రాయము. తెల్లవారుజాము మూడింటికి దిగితే అక్కడ మిట్టమధ్యాహ్నంలా ఉంది. బంగారం, అత్తర్లు, ఖర్జూరాలు, పట్టపగలులా దీపాలు. అదీ సంతే గాని, ఏ వస్తువు ఎవరు చేశారో చెప్పేవారు లేరు, బేరమాడేవారూ లేరు. మాలో ఒకరు అత్తరు సీసా ధర చూసి చేయి వెనక్కి తీసుకున్నారు, ఎవరని అడగకండి. అక్కడినుండి సియాటిల్‌కు ఇంకా పద్నాలుగు గంటల పైమాటే.

సియాటిల్, టకోమా అనే రెండు ఊళ్ళ పేర్లు కలిపి ఆ విమానాశ్రయాన్ని సీ-టాక్ అంటారు. విదేశాలనుండి వచ్చేవారిని గాలిలో కట్టిన ఒక పొడవాటి వంతెన మీదుగా నడిపిస్తారు, దాని కింద విమానాలు పోతుంటాయి. 2022లో తెరిచారట. మోకాళ్ళు నొప్పి పుట్టినా మధ్యలో ఆగి చూడకుండా ఉండలేకపోయాము. మబ్బు లేదు గనుక దూరాన రెయినియర్ పర్వతం తెల్లగా కనబడింది.

ఆ సంతోషం కిందికి దిగేదాకానే. అక్కడ కుక్కను పట్టుకుని ఒకామె తిరుగుతోంది. ఆ కుక్క మా సంచి దగ్గరకొచ్చి కూర్చుంది. మా పెరటి చెట్టు కరివేపాకు, అమ్మాయి కోసం తడిగుడ్డలో చుట్టి పెట్టుకున్నాము. పచ్చి కరివేపాకు ఆ దేశంలోకి తీసుకుపోకూడదు. నారింజ, నిమ్మ తోటలను పాడుచేసే పురుగు ఆ ఆకు మీద కూడా బతుకుతుందట, రైతుల తోటలు కాపాడటానికే ఆ కట్టుదిట్టం. మాకు తెలియలేదు, తెలుసుకోకపోవడం మా తప్పే. అధికారి మర్యాదగానే మాట్లాడి ఆకు తీసి చెత్తబుట్టలో వేశాడు. ఊరగాయలు మాత్రం ఉంచాడు. ఒక పురుగు రాకుండా రైతు కోసం ఇంత కాపలా కాస్తున్నారే అని మాలో ఒకరు అన్నారు. ఇంకొకరు చెత్తబుట్ట వైపే చూస్తున్నారు.

ఇక సంత. పైక్ ప్లేస్ మార్కెట్ అంటారు, పైన ఎర్ర అక్షరాలతో పబ్లిక్ మార్కెట్ అనే బోర్డు, పక్కన గడియారం, ఎదురుగా సముద్రపు పాయ. అల్లుడు మమ్మల్ని శనివారం పొద్దున్నే తీసుకుపోయాడు. ఎండెక్కితే మనుషుల మధ్య నడవలేమన్నాడు. నిజమే, పది గంటలకు మా తిరునాళ్ళలాగే అయ్యింది. చేపల కొట్టు ముందు జనం గుంపుగా ఉన్నారు. బేరం కుదిరిందంటే ఒకతను ఇంత పొడుగు సాల్మన్ చేపను గాలిలోకి విసురుతాడు, బల్ల వెనక ఇంకొకడు కాగితంతో పట్టుకుంటాడు, అందరూ కేకలు. ఒక కాఫీ కొట్టు ముందు ఇంకా పెద్ద వరుస. ఆ కంపెనీ మొట్టమొదటి కొట్టు ఇదేనని నిలబడతారట. నిజానికి మొదటిది 1971లో దగ్గరలోనే వేరేచోట పెట్టారని, తరువాత ఇక్కడికి మారిందని అల్లుడు చెప్పాడు. వరుసలో ఉన్నవారికి ఆ సంగతి అక్కరలేదు, మాకూ ఆ కాఫీ అక్కరలేదు.

నడుస్తుంటే కాళ్ళ కింద పలకల మీద పేర్లు కనబడ్డాయి. వేలకొద్దీ పేర్లు. 1980లలో నేల బాగుచేయడానికి 35 డాలర్లు ఇచ్చినవారి పేరు ఒక్కో పలక మీద వేశారట. పేరు తొక్కడం మన అలవాటు కాదు గదా. కాసేపు పక్కపక్కగా అడుగులు వేశాము. జనం తోసుకుంటుంటే అది సాగలేదు.

మేము ఉల్లిగడ్డలు వెదుకుతున్నాము. మొదట కనబడినవన్నీ ఎత్తుబల్లల మీద గోపురాల్లా పేర్చిన పండ్లు, కూరగాయలు. అవి కొని అమ్మేవారివి, పండించినవారివి కావు. రైతుల బల్లలు వేరే, రోజువారీ ఇచ్చేవి. పొద్దున్నే గంట కొట్టి పేర్లు పిలుస్తారు, ఎవరు ఎన్నేళ్ళనుండి వస్తున్నారో ఆ వరుసలో చోటు కోరుకుంటారు. ఆ సంతకు పెట్టుకున్న మాట, పండించినవారిని కలుసుకోండి అని. అలాంటి ఒక బల్ల మీద దొరికాయి. పేరు వల్లా వల్లా తీపి ఉల్లి, అదే రాష్ట్రంలోని ఒక ఊరి పేరు. చెంబంత గడ్డలు, పలచని పొట్టు, ఘాటు తక్కువ. 2007లో దాన్ని ఆ రాష్ట్రపు కూరగాయగా చట్టం చేశారంటే చూడండి. ధర పౌను రెండు డాలర్లు. మాలో ఒకరు అక్కడే వేళ్ళ మీద లెక్క కట్టారు: కిలో దగ్గరదగ్గర మూడు వందల డెబ్బై రూపాయలు.

అప్పుడు అల్లుడు ఫోనులో చూసి చదివి వినిపించిన సంగతికి మేము ఆ బల్ల దగ్గరే నిలబడిపోయాము. ఈ సంత పుట్టిందే ఉల్లిగడ్డ వల్లనట. 1906నుండి 1907కి పౌను పది సెంట్లున్న ఉల్లి డాలరు దాకా పోయిందని చెబుతారు. పట్నంలో జనం కొనలేకపోయారు. పెరిగిన ధర రైతుకు చేరిందా అంటే అదీ లేదు. దళారులు సరుకు దింపుకుని, అమ్మాక ఇస్తామని, తోచినంత ఇచ్చేవారు, కొన్నిసార్లు ఏమీ ఇచ్చేవారు కారు. థామస్ రెవెల్ అనే నగర సభ్యుడు, రైతే నేరుగా బండి నిలిపి అమ్ముకోనివ్వండి అని పట్టుబట్టాడు. 1907 ఆగస్టు 17, శనివారం. మొదటిరోజు వచ్చినవి ఎనిమిదో పదో బళ్ళు. జనం విరగబడితే చూస్తుండగానే ఖాళీ అయ్యాయి.

"మన రైతు బజారు లాంటిదే మామయ్యా" అన్నాడు అల్లుడు. మన దగ్గర 1999లో మొదలయ్యాయి. లాంటిదే, కాదనము. గుర్తింపు కార్డున్న రైతు బస్సు మీద రెండు బస్తాలు వేసుకుని పోయి అమ్ముకు రాగలడు. అరవై బస్తాలవాడు ఎక్కడికి పోవాలి?

అంత మంచి చోటని అనుకుంటుండగానే లోనికి వెళ్ళేచోట పైన ఒక బొమ్మల వరుస కనబడింది. అయిదు పలకలు, అకీ సొగాబే అనే కళాకారిణి చేసినవి. పొలంలో జపాను సంతతి రైతులు, సంతలో వారి బల్లలు, ఆ తరువాత వారి ఖాళీ. యుద్ధానికి ముందు ఈ సంతలో రైతుల బల్లలు సగానికి పైగా వారివే. 1942 ఫిబ్రవరి 19న అధ్యక్షుడు రూజ్వెల్ట్ సంతకం చేసిన ఉత్తర్వుతో పడమటి తీరంలోని జపాను సంతతివారిని, లక్షకు పైగా మందిని, ఇళ్ళనుండి లేపి శిబిరాలకు పంపారు. వారిలో ఎక్కువమంది ఆ దేశంలోనే పుట్టినవారు. పొద్దున పేర్లు పిలిచే ఆ గంట అప్పుడూ మోగే ఉంటుంది. యుద్ధం అయ్యాక తిరిగి వచ్చినవారు కొద్దిమందే. ముందురోజు దాకా వారి దగ్గర కొన్నవారు ఏమనుకున్నారో, వారూ ఆదివారం గుడికి పోయినవారే గదా. మేము ఆ బొమ్మల కింద చాలాసేపే నిలబడ్డాము. అక్కడ మాకు గుర్తొచ్చింది మా వేలం పాట.

ఇప్పుడా బల్లల్లో చాలావాటి మీద పూలు. లావోస్ దేశపు యుద్ధం తరువాత శరణార్థులుగా వచ్చిన మోంగ్ జాతి రైతులు వాటిని పండిస్తారు. ఒక పెద్దామె మాట్లాడకుండా పూలు కడుతూనే ఉంది, పక్కన మనవరాలు ఇంగ్లీషులో డబ్బులు తీసుకుంటోంది. రాత్రి రెండున్నరకు లేచి కోస్తామని ఆ పిల్ల చెప్పింది. ఆమె చేతులు చూశాము. మా సంఘంలో మల్లెలు కట్టే పెద్దమ్మ చేతుల్లాగే ఉన్నాయి, గోళ్ళలో పచ్చ.

ఆ సంతను పడగొట్టి పెద్ద పెద్ద భవంతులు కట్టాలని ఒకప్పుడు ప్రయత్నం జరిగిందట. విక్టర్ స్టైన్‌బ్రూక్ అనే ఇంజనీరు లాంటి పెద్దమనిషి, భవనాల నమూనాలు గీసే ఆయన, జనాన్ని కూడగట్టి 1971లో ఓటు పెట్టించి నిలిపాడు. ఇప్పటికీ సంత ఆవరణలోనే పేదలకు ఆసుపత్రి, ముసలివారికి ఒక చోటు, తిండిగింజలు పంచే గది ఉన్నాయి. గడియారం కింద పెద్ద కంచు పంది ఒకటుంది, హుండీ లాంటిది. అందులో వేసిన చిల్లర వాటికే పోతుంది. పిల్లలు దాని మీదెక్కి కూర్చుంటున్నారు. మేమూ రెండు డాలర్లు వేశాము. పౌను ఉల్లిగడ్డ ధర.

తిరిగి శంషాబాదులో దిగేసరికి తెల్లవారుజాము. ముందే ఫోను చేశాము గనుక అతను బయట కాచుకుని ఉన్నాడు. డ్యూటీలోనే ఉన్నాడు, అయిదు నిమిషాలే అన్నాడు.

"ఎంతుంది అయ్యగారూ?"

చెప్పాము. కిలో మూడు వందల డెబ్బై. నోరు తెరిచి నవ్వాడు. సంత ఎలా పుట్టిందో కూడా చెప్పాము, దళారుల సంగతి దగ్గర తలూపాడు.

"అంతా రైతుకేనా?"

"బల్ల అద్దె పోను అంతా రైతుకే."

కాసేపు ఆలోచించాడు. "బల్ల అద్దె ఎంత?"

అది మేము అడగలేదు. అన్నీ అడిగాము, అది అడగలేదు.

దారి పొడుగునా అనుకుంటూ వచ్చిన మాట ఒకటుంది. ఆ గంప వేలం పాడిన రోజు మాకు తెలియక చప్పట్లు కొట్టామని, యార్డుకు నీతో రావాల్సింది రాలేదని. సగం చెప్పేసరికే అతను ట్రాలీ పిడి మీద చేయి వేసి అడ్డు వచ్చాడు.

"ఆ ఏడు గడ్డ శానా బాగొచ్చింది అయ్యగారూ. మీరు తినలేదా?"

తిన్నామన్నాము. సూపర్‌వైజరు విజిల్ వేశాడు. అతను ఇరవై ట్రాలీలను ఒకదానిలో ఒకటి గుచ్చి, నడుము వంచి తోసుకుంటూ వెళ్ళిపోయాడు.