సీసా కడుపులో చిత్రం

నశ్యం పీల్చేవారంటే లోకానికి కొంచెం చులకన. మా ఊళ్ళో నాకు సంస్కృతం చెప్పిన శాస్త్రులుగారు మాత్రం సమాసానికి విగ్రహవాక్యం చెప్పేముందు ఒక పట్టు పీల్చి తీరవలసిందే. డబ్బీ మూతమీద వేలితో రెండుసార్లు తట్టారంటే కఠినమైన శ్లోకమేదో రాబోతున్నదని మేము సర్దుకు కూర్చునేవాళ్ళం. ఆ నశ్యమే చీనాదేశంలో ఒక అద్భుతమైన చిత్రకళకు కారణమైందంటే, శాస్త్రులుగారు బ్రతికివుంటే ఎంత సంతోషించేవారో!

నశ్యం ఐరోపావారి ఓడలతో చీనా చేరింది. ఐరోపాలో దానిని డబ్బీలలో దాచుకునేవారు. చీనావారికి డబ్బీ నచ్చలేదు. చెమ్మ తగిలితే పొడి ముద్దకడుతుంది గదా! అందుకని అరచేతిలో ఇమిడే బుల్లిసీసాలు చేయించి, బిగువైన బిరడా పెట్టి, ఆ బిరడాకే క్రిందివైపున సన్నని చెంచా తగిలించారు. 1696లో కాంగ్‌షీ చక్రవర్తి బీజింగులో ఆస్థానానికి ఒక గాజు కార్ఖానా పెట్టించి, కిలియన్ స్టుంఫ్ అనే జర్మను ఫాదరీకి అప్పగించాడు. ఇక గాజుతో, స్ఫటికంతో, పచ్చరాయితో, పింగాణీతో ఎక్కడ చూసినా సీసాలే. ఎదుటివాడికి సీసా తీసి నశ్యం ఇవ్వడం, మనం తాంబూలం ఇచ్చినంత మర్యాద.

సీసా పైన చెక్కడాలు, రంగులు సరే. లోపల బొమ్మ వేయాలన్న ఆలోచన పంధొమ్మిదో శతాబ్దంలో పుంజుకున్నది. అది ఎలా పుట్టిందో ఒక కథ చెబుతారు. పనిమీద రాజధానికి వచ్చిన చిన్న ఉద్యోగి ఒకడు, లంచమివ్వడం ఇష్టంలేక, పని జరగక, చేతిలో డబ్బు అయిపోయి ఒక గుడిలో తలదాచుకున్నాడట. నశ్యం కూడా నిండుకుంది. సీసా గోడలకు అంటుకున్న నలుసులను వెదురుపుల్లతో గీకి గీకి పీల్చాడు. లోపల పడిన ఆ గీతలు బయటికి బొమ్మలాగా కనబడటం గుడిలోని సన్యాసి చూశాడు. పుల్ల కొనను వంచి, సిరాలో ముంచి తానూ గీయడం మొదలుపెట్టాడు. కథ నిజం కాకపోవచ్చు. కాని నశ్యం అలవాటున్నవారెవరూ దానిని కాదనరు.

2019 అక్టోబరులో నేను బీజింగులో ఉన్నప్పుడు, అక్కడ ఉద్యోగం చేస్తున్న మా మిత్రుని కుమారుడు, "గోడ చూశారు, కోట చూశారు. ఇంకేం చూస్తారు, బాబాయిగారూ?" అన్నాడు. హెంగ్‌షుయ్ చూస్తానన్నాను. అతడు ఆశ్చర్యపోయాడు. ఆ ఊరి పేరు చెబితే చీనావారికి మొదట జ్ఞాపకం వచ్చేది మార్కులకు పేరుపడిన హైస్కూలు, తరువాత అక్కడి జొన్నసారా. పనిగట్టుకుని చూడవచ్చే ఊరు కాదని అతని అభిప్రాయం.

బీజింగుకు దక్షిణంగా సుమారు 250 కిలోమీటర్లు. రైలు కిటికీలోంచి చూస్తే గుట్ట అన్నది లేకుండా చదునైన నేల, గట్లవెంట పొడుగాటి చెట్లు, కళ్ళాలలో ఆరబోసిన మొక్కజొన్న. మన కృష్ణాజిల్లావాడికి పరాయి దేశమనిపించదు.

మేము వెళ్ళిన పనిశాలలో కిటికీ వెంబడి పదిమంది కూర్చుని పనిచేస్తున్నారు. మాట లేదు. నలభై దాటిన ఒక గృహిణి మమ్మల్ని కూర్చోబెట్టి, నన్ను "లావోషీ" అని పిలిచింది. పంతులుగారూ అని అర్థమట. ఎక్కడికి వెళ్ళినా ఆ పిలుపు తప్పలేదు!

నున్నటి గాజుమీద రంగు నిలవదు. అందుచేత సీసాలో సన్నని ఇనుపరజను, నీళ్ళు పోసి చాలాసేపు కుదుపుతారు. లోపలిగోడ గరుకెక్కి కాగితంలాగా రంగును పట్టుకుంటుంది. కుంచె సన్నని పొడుగాటి పుల్ల. కొన కొక్కెంలాగా వంగి, చివర నాలుగు వెంట్రుకలు. సీసా నోరు కందిగింజ దూరేటంత. ఎడమచేతిలో సీసాను తిప్పుతూ, కుడిచేత్తో కుంచె దూర్చి, బయటినుంచి చూస్తూ లోపల గీయాలి.

అంతకంటె కష్టమైనది వరుస. మామూలు చిత్రకారుడు ముఖం వేసి, కన్ను దిద్ది, ఆఖరున కంటిలో మెరుపుచుక్క పెడతాడు. ఇక్కడ మెరుపుచుక్క ముందు. ఆపైన నల్లగుడ్డు, తెల్లగుడ్డు, ముఖం. ఆకాశం అన్నిటికంటె చివర.  ఒక పొరమీద మరొకటి పడిందంటే ముందు వేసినదానిని ముట్టుకునే వీలులేదు. మన పూజగదులలోని పాత అద్దం పటాలకూ ఇదే వరుస. ఆ విద్య చీనా వర్తకం వెంట మన దేశానికి వచ్చిందంటారు. అయితే అక్కడ అద్దం బల్లమీద పరచివుంటుంది. మన కవులు ఉత్పలమాల కడుపులో కందపద్యం ఇరికించి గర్భకవిత్వమన్నారు. అది నాకెప్పుడూ శ్రమ తప్ప రుచి అనిపించలేదు. ఈ సీసాలు చూసిన తరువాత ఇరుకులోనూ రుచి ఉండవచ్చునని ఒప్పుకోక తప్పలేదు.

ఈ కళలో పాతకాలపు మహానుభావులలో ముగ్గురిని చెప్పుకోవాలి. జౌ లెయువాన్ కొండలు, వాగులు వేశాడు. మా షావ్‌షువాన్ నటుల ముఖాలను ఫొటో తీసినట్లు దింపాడు. యే జోంగ్‌సాన్ కథలలోని పాత్రలతో సీసాలు నింపాడు. 1912లో రాచరికం పోయింది. సిగరెట్టు వచ్చి నశ్యాన్ని త్రోసేసింది. 1945 నాటికి ముగ్గురూ లేరు. యే వారి కొడుకులు మాత్రం తండ్రి విద్యను పట్టుకుని ఉన్నారు. ఇంటి విద్య ఇంటి గడప దాటరాదన్నది అక్కడి వృత్తిధర్మం. మన వైద్యులలోనూ ఇది ఉన్నదే. ఎన్ని మందులు అలా కాటికి పోయాయో!

1950ల చివర బీజింగులోని హస్తకళల సంస్థలో ఆ సోదరులు గడప దాటారు. 1938లో హెంగ్‌షుయ్ ప్రాంతంలోనే పుట్టిన వాంగ్ షీసాన్ అనే యువకుడికి చెప్పారు. యే వంశానికి వెలుపల మొదటి శిష్యుడు ఆయనే. 1966లో మొదలైన సాంస్కృతిక విప్లవపు గందరగోళంలో ఆయన స్వగ్రామం చేరవలసివచ్చింది. ఆ విపత్తే ఈ ప్రాంతానికి వరమైంది. పల్లెటూరి పిల్లలను కూర్చోబెట్టి నేర్పాడు. ఎటు కావాలంటే అటు వంగే లోహపు కుంచె కనిపెట్టాడు. సీసాలోకి తైలవర్ణాలు తెచ్చాడు. 2006లో చీనా ప్రభుత్వం హెంగ్‌షుయ్ చిత్రకళను జాతీయ వారసత్వ జాబితాలో చేర్చింది.

మాకు పని చూపించిన ఆమె బల్లమీద సీసాలు లేవు. అమెరికా వెళ్ళవలసిన క్రిస్మస్ గాజుగోళాలు వరుసగా ఉన్నాయి. ఒక్కొక్క దానిలో మంచు కప్పిన ఇల్లు, ఎర్రటోపీ తాత. విచారించాను కాని, ఆమెకు విచారం లేదు. గోళాలతోనే కొడుకును కాలేజీలో చదివిస్తున్నదట. అరగంటకొకసారి కుంచె దింపి కిటికీలోంచి దూరాన చెట్లను చూస్తుంది. కళ్ళకు విశ్రాంతి. నలభై అయిదు దాటితే సన్నగీత కష్టమని చెప్పింది. ఆమెకు నలభై రెండు.

"మీ కోసం ఏదీ వేసుకోరా?" అని అడిగించాను.

సొరుగులోంచి దూదిలో చుట్టిన స్ఫటికపు సీసా తీసింది. వందమంది పిల్లలు ఆడుకునే దృశ్యం. అక్కడ అది శుభప్రదమైన బొమ్మ. గాలిపటం ఎగరేసేవాడు, మేకను తోలేవాడు, చెట్టెక్కి జారుతున్నవాడు. ఒక్కొక్కరు బియ్యపుగింజంత. ఒకడి ముఖం మరొకడికి లేదు. మూడేళ్ళుగా, గోళాల పని లేని నెలలలో వేస్తున్నదట. ముప్ఫయ్యేడుగురు అయ్యారు.

"మిగిలినవారు ఎప్పటికి?" అన్నాను.

ఆమె వేళ్ళు ముడిచి లెక్క చెప్పింది. కుర్రవాడు నావైపు తిరిగి, "ఏడాదికి పన్నెండుమంది అవుతారట, బాబాయిగారూ," అన్నాడు.

ఆమె సీసాను మళ్ళీ దూదిలో చుట్టి సొరుగులో పెట్టి, కళ్ళజోడు తుడుచుకుని ఇంకొక గోళం చేతిలోకి తీసుకుంది.