విప్పకూడని పార్సిల్

నేను చదివింది తమిళ మీడియం. తెలుగు రాయడం రిటైర్ అయ్యాకే నేర్చుకున్నాను. తప్పులుంటే మన్నించండి.

ఇన్నాళ్లూ ఇంట్లోనే దాచుకున్న సంగతి ఒకటి చెప్తాను. మా మనవడికి రెండేళ్లు నిండకముందు, ఫ్లాష్ వేసి తీసిన ఫోటోలో ఒక కంటిపాప తెల్లగా మెరిసింది. కోడలే ముందు చూసింది. చెన్నైలో డాక్టరమ్మ బిడ్డకు మత్తిచ్చి కన్ను చూశారు. స్కానింగు, ఎం.ఆర్.ఐ. కూడా తీయించారు. "రెటినోబ్లాస్టోమా. కంటి లోపల క్యాన్సర్ గడ్డ. ఆ కంట్లో చూపు ఇక రాదు, కన్ను తీసేయాలి" అన్నారు.

నేను ఒప్పుకోలేదు. "మా చెల్లెలికి రొమ్ములో గడ్డ వస్తే ముందు ముక్క తీసి టెస్ట్ చేశారు. మీరు అదేమీ లేకుండా క్యాన్సర్ అని ఎలా అంటారు?" అని వాదించాను. పార్సిల్ ఆఫీసులో పనిచేసినవాణ్ణి. అనుమానం వస్తే విప్పి చూడటమే నాకు తెలుసు.

ఆవిడ కోప్పడలేదు. "గడ్డ ఇప్పుడు కంటి లోపలే మూసి ఉంది సార్. సూది గుచ్చితే ఆ దారినే కణాలు బయటికి రావచ్చు. అప్పుడు ప్రాణానికే ముప్పు. గడ్డలో సున్నం పేరుకున్నది స్కానింగులో కనిపిస్తోంది, అది పెద్ద గుర్తు" అన్నారు.

పెద్దవాళ్ల సంగతి వేరేనట. మెలనోమా అనే గడ్డను కూడా చాలావరకు చూసి, స్కాన్ చేసే చెప్తారు. సందేహం ఉన్నా, గడ్డ జన్యువులు చూడాలన్నా, అర మిల్లీమీటరు సూదితో కాసిన్ని కణాలు లాగుతారు. లింఫోమా అని అనుమానమైతే కంటి లోపలి జెల్లీని కొంచెం తీసి చూస్తారు.

ఇంత చెప్పినా, ఇంకోచోట అడుగుదామని పది రోజులు పోగొట్టాను. అక్కడా అదే మాట. ఆ పది రోజులూ కోడలు నాతో మాట్లాడలేదు.

కన్ను తీశాక దాన్ని ల్యాబుకు పంపారు. నేను పట్టుబట్టిన టెస్ట్ అప్పుడు జరిగింది. గడ్డ కంటి నరంలోకి పాకలేదని రిపోర్టు. ఆ ఒక్క లైను చదివి ఆస్పత్రి మెట్ల మీద కూర్చుని ఏడ్చాను.

వాడిప్పుడు రెండో క్లాసు. పెట్టుడు కన్నుతోనే క్రికెట్ ఆడతాడు.

మీ ఇంట్లో పసిబిడ్డ కంటిపాప ఫోటోలో తెల్లగా కనిపించినా, మెల్ల పడినా, ఆ వారంలోనే కంటి డాక్టరుకు చూపించండి. ఒక బిడ్డకు ఈ జబ్బు వస్తే తోబుట్టువులకూ చూపించాలి. నాలాగా వాదిస్తూ రోజులు పోగొట్టకండి.