నెగటివ్ కింద లైటు

మా తాతది ఒక్క ఫోటో ఉంది. అంటే ఫోటో లేదు, నెగటివ్ ఉంది. తాత మాదాపూర్‌లో రాళ్లు కొట్టే పనికి పోయేవాడు. సైబర్ టవర్స్ కడుతున్నప్పుడు, 1998లో వాజపేయి వచ్చి ప్రారంభించకముందు, బాబాయి ఎవరిదో కెమెరా అడిగి తెచ్చి తీశాడట. 2020 అక్టోబర్ వానలకి ఇంట్లోకి నీళ్లొచ్చి ప్రింటు పోయింది. అటక మీద బిస్కెట్ డబ్బాలో నెగటివ్‌లు మాత్రం మిగిలాయి.

స్కాన్ చేయించొచ్చు కదా అంటారు. చేయిస్తా. కానీ ముందు ఏ ముక్కలో తాత ఉన్నాడో తెలియాలిగా!

మొదట ఫోన్లో తెల్ల స్క్రీన్ పెట్టి దానిమీద ఫిల్మ్ ఆనించా. భూతద్దంలో చూస్తే అన్నీ ఎరుపు, పచ్చ, నీలం చుక్కలే. పిక్సెల్స్! ఫిల్మ్‌ని కాస్త పైకి లేపితే చుక్కలు పోతాయి, కానీ చెయ్యి వణుకుతుంది.

తర్వాత ఆర్కిటెక్చర్ ఫ్రెండ్ దగ్గర ట్రేసింగ్ ప్యాడ్ తెచ్చా. వెలుతురు తగ్గించగానే ఫోన్ కెమెరాలో నల్ల చారలు. ఈసీఈ వాళ్లకి చెప్పక్కర్లేదు, పీడబ్ల్యూఎం. లైటు తగ్గట్లేదు, మన కంటికి తెలియనంత వేగంగా ఆరి వెలుగుతోంది. పైగా చవక తెల్ల ఎల్ఈడీ అంటే నీలం ఎల్ఈడీ మీద పసుపు ఫాస్ఫర్ పూత. ముదురు ఎరుపు తక్కువ. కలర్ నెగటివ్‌కి అసలే నారింజ ఛాయ ఉంటుంది. లైటులోనే లేని రంగుని తర్వాత ఏ సాఫ్ట్‌వేర్ తెస్తుంది?

అందుకే కొనేటప్పుడు ఎంత వెలుగు అని చూడలేదు. సీఆర్ఐ 95 పైన, 5000 కెల్విన్ దగ్గర ఉందా అని చూశా. ఏ4 సైజుకి మనసు లాగింది గానీ ఒక ఫ్రేమ్ 36 బై 24 మిల్లీమీటర్లే. చుట్టూ మిగిలిన వెలుగు కళ్లలో కొడుతుంది. ఏ5 తీసుకుని, నల్ల చార్టులో చిన్న కిటికీ కోసి పైన పరిచా. రెండు నెలల పాకెట్ మనీ అయిపోయింది.

నాలుగో ముక్కలో దొరికాడు. వెనక బండలు, సగం లేచిన బిల్డింగు. నానమ్మని పిలిచా. వంగి చాలాసేపు చూసింది.

"అరే, మీ తాతకు జుట్టు నల్లగుందిరా! గప్పటికే మొత్తం నెరిసిందనుకున్న."

నెగటివ్‌లో తెలుపు నలుపవుతుందని చెప్పబోయి ఆగిపోయా.

స్కాన్‌కి ఇవ్వాల్సిన కవరు ఇంకా టేబుల్ మీదే ఉంది.