ఈ రోజు ఎలాంటి రోజు?

మా పాప మూడో తరగతి. ఇంగ్లిష్ మీడియం. మొన్నామధ్య బళ్ళో ఓ హోమ్‌వర్క్ ఇచ్చారు. 'డే' అనే మాట ముందు పెట్టదగ్గ విశేషణాలు పది రాసుకురమ్మని. అయిదు నిమిషాల్లో ముగించేసింది. సన్నీ డే, రెయినీ డే, క్లౌడీ డే, లవ్లీ డే, గ్లూమీ డే, లాంగ్ డే, బిజీ డే, బ్యాడ్ డే, గుడ్ డే, బిగ్ డే. అంతటితో ఊరుకుంటే నాకిది రాసే పని ఉండేది కాదు.

"నాన్నా, వీటిని తెలుగులో ఏమంటారు?" అంది.

ఆదివారం పేజీలకి తెలుగు రాయడమే ఉద్యోగమాయె, ఇదెంత పని అనుకున్నాను. సన్నీ డే అంటే 'ఎండ రోజు' అన్నాను. అన్నాక నాకే ఎబ్బెట్టుగా అనిపించింది. రాజమండ్రిలో పుట్టి పెరిగినవాళ్ళెవరైనా 'ఇవాళ ఎండ రోజు' అంటారా? ఎండ కాస్తోంది అంటాం. ముదిరితే మండిపోతోంది అంటాం. మబ్బేసింది, వాన పడుతోంది, ముసురు పట్టింది, ఈదురుగాలి కొడుతోంది, ఉక్కపోస్తోంది... అన్నీ క్రియలే! ఇంగ్లిషువాళ్ళు రోజు నుదుట ఓ విశేషణం బొట్టులా పెట్టేసి ఊరుకుంటారు. మనం ఆ రోజు ఏం జరుగుతోందో చెబుతాం. అసలు 'రోజు' అన్న మాటే పారసీ నుంచి మనకొచ్చింది. మన సొంతం నాడు, పొద్దు.

పక్కనే చిక్కుడుకాయలు ఒలుస్తున్న మా అమ్మ ఇదంతా వింటోంది. పాప పుస్తకంలో నవ్వుతున్న సూర్యుడి బొమ్మ, కింద 'లవ్లీ డే' అన్న మాట చూపించి అర్థం చెప్పాను.

"ఎండ కాస్తే అంత ముచ్చటేమిట్రా? వాళ్ళని ఓసారి రోహిణీ కార్తెలో మన గోదావరి గట్టు మీద నిలబెట్టు" అంది.

అమ్మన్నదాంట్లో అబద్ధం లేదు. ఏడాదిలో సగం రోజులు మబ్బులూ చలీ ఉండే ఇంగ్లండులో ఎండ మొహం కనిపిస్తే పండగే. అందుకే వాళ్ళ భాషలో వెచ్చదనం మంచి గుణమైంది. ఆత్మీయంగా ఆహ్వానిస్తే 'వార్మ్ వెల్‌కమ్' అంటారు. ముభావంగా ఉండేవాణ్ణి 'కోల్డ్' అంటారు. మనకి సరిగ్గా తలకిందులు. మంచివాడి మనసు చల్లన. దీవిస్తే 'నూరేళ్ళు చల్లగా ఉండు'. మేలు చేసినవాళ్ళకి 'నీ కడుపు చల్లగా'. మే నెల మధ్యాహ్నం నాలుగు మబ్బులు కమ్ముకుంటే వాళ్ళ లెక్కలో అది గ్లూమీ డే, దిగులు రోజు. మనమైతే వీధి అరుగు మీద మంచం వాల్చుకుంటాం.

అయితే ఎండల దగ్గర ఇద్దరం ఒకచోట కలుస్తాం. మండువేసవిని వాళ్ళు 'డాగ్ డేస్' అంటారు. కుక్కలకీ దానికీ సంబంధం లేదు. శునక నక్షత్రమని పేరున్న సిరియస్‌ని బట్టి పాతకాలం గ్రీకులూ రోమన్లూ పెట్టిన పేరది. మన రోళ్ళు పగిలే ఎండలకీ పేరు నక్షత్రానిదే. సూర్యుడు రోహిణిలో ఉండే ఆ పక్షం రోజులు, మే ఆఖరు నుంచి జూన్ మొదటివారం దాకా, రోహిణీ కార్తె. ఆ వెంటనే మృగశిర. చేపల బజారుకి పరిగెత్తే రోజు.

గుడ్ డే దగ్గరికొచ్చేసరికి ఇంకో తేడా. వాళ్ళకి రోజు గడిచాక, సాయంత్రం తెలుస్తుంది అది మంచిదో కాదో. మనకి ఉగాదికి పంచాంగం కొన్నప్పుడే తెలిసిపోతుంది! 'ఎల్లుండి మంచిరోజు' అంటే ఎల్లుండి మనం సంతోషంగా ఉంటామని కాదు, తిథీ వారం కుదిరాయని. 'బ్యాడ్ డే'ని మాటకి మాట తెలుగు చేసి 'రోజులు బాగాలేవు' అంటే ఏకంగా లోకం మీదే ఫిర్యాదు.

మిగిలింది బిగ్ డే. నేను సాయపడేలోపే పాప సొంతంగా అనువాదం చేసేసింది. బళ్ళో వార్షికోత్సవానికి డాన్సు ఉందేమో, గెంతుకుంటూ వెళ్ళి "మామ్మా, రేపు నాకు పెద్ద దినం!" అంది.

అమ్మ చేతిలో పళ్ళెం జారిపోయింది. "శుభమా అని డాన్సు చేస్తూ అవేం మాటలే తల్లీ!" అని చప్పున దాని నోరు మూసింది. పోయినవాళ్ళకి పదకొండో నాడు చేసే కార్యాన్ని మావైపు పెద్ద దినం అంటారని దానికేం తెలుసు? నవ్వాపుకోలేక నేను అవతలికి పోయాను.

ఆ తర్వాతివారం ఇంకో హోమ్‌వర్క్. 'మరిచిపోలేని రోజు' గురించి ఇంట్లో పెద్దవాళ్ళని అడిగి పది వాక్యాలు రాయాలి. పాప పెన్సిలు పట్టుకుని మామ్మ ముందు కూర్చుంది. పెళ్ళిరోజు చెబుతుందేమో అనుకున్నాను.

అమ్మ 1996 నవంబరు 6 చెప్పింది. దీపావళి నాలుగు రోజులుందనగా, బుధవారం. కాకినాడకి దక్షిణంగా తుఫాను తీరం దాటిన రాత్రి. వెయ్యిమందికి పైగా ప్రాణాలు పోయిన రాత్రి. ముమ్మిడివరం దగ్గర మా ఊరు. నాకప్పుడు ఏడేళ్ళు.

"మధ్యాహ్నం నుంచీ గాలి కొట్టింది. సార్వా చేలు కోతకొచ్చి ఉన్నాయి. చీకటి పడ్డాక పెంకులు లేచిపోయాయి. మీ తాతయ్య మీ నాన్నని భుజానేసుకుని ఎదురింటి డాబాలోకి పరిగెత్తారు. రాత్రంతా కొబ్బరిచెట్లు విరుగుతున్న చప్పుడు. తెల్లారి చూస్తే తోట మొత్తం ఒకేవైపు పడుకునుంది. అరవై చెట్లకి ఏడు మిగిలాయి. మీ తాతయ్య ఒక్కో మాను మీదా చెయ్యేసి అలా చూసుకుంటూ వెళ్ళారు."

కోనసీమలో ఆ రాత్రి లక్షల కొబ్బరిచెట్లు కూలాయి. మొక్క నాటితే కాపుకి రావడానికి ఆరేడేళ్ళు. అన్నేళ్ళు ఆగే ఓపిక, డబ్బు మా ఇంట్లో లేవు. ఆ మరుసటేడు రాజమండ్రి వచ్చేశాం. నాన్న ఓ బట్టలకొట్లో గుమాస్తాగా చేరారు. మూడేళ్ళ కిందట పోయేదాకా కొబ్బరితోటల మీదుగా బస్సు వెళుతుంటే కిటికీ వైపు కూర్చునేవారు కాదు.

పాప అంతా రాసుకుంది. పైన శీర్షిక పెట్టాలి. "టెరిబుల్ డే అని రాయనా మామ్మా? అంటే భయంకరమైన రోజు" అంది.

అమ్మ కాసేపు ఆలోచించింది. "మనింట్లో ముగ్గురం బతికి బయటపడ్డాం కదే. చెడ్డరోజని ఎలా అంటాం? పక్కూళ్ళో అంతమంది పోయారు. మంచిరోజనీ అనలేం. తుఫానొచ్చిన రోజు అని రాసుకో."

పాప అదే రాసింది. అన్నేళ్ళలో నేను ఆ రాత్రి గురించి అమ్మని ఒక్కసారీ అడగలేదు. మూడో తరగతి పిల్ల అడిగితే తెలిసింది, అమ్మకది ఇంకా అంత స్పష్టంగా గుర్తుందని.

ఆ రాత్రి పడుకోబోతూ పాప, బళ్ళో నేర్పిన అలవాటుకొద్దీ, "మామ్మా, హౌ వాజ్ యువర్ డే?" అంది. నేను అర్థం చెప్పాను. అమ్మ విచిత్రంగా చూసింది. "నన్నెప్పుడూ ఎవరూ ఈ మాట అడగలేదురా. అన్నం తిన్నావా అనేవారు, అంతే" అంది.

అన్నం తిన్నావా అనడంలో ఆపేక్ష లేకపోలేదు. కానీ దానికి జవాబు ఒక్క మాటే. ఇంగ్లిషువాళ్ళ విశేషణాల మీద ఎన్ని జోకులేసినా, ఈ ప్రశ్న మాత్రం వాళ్ళ దగ్గర అరువు తెచ్చుకోవలసిందే అనిపించింది.

మర్నాడు రాత్రి అడక్కముందే అమ్మ సిద్ధంగా ఉంది. "ఇవాళ లేత ఆనపకాయ దొరికింది. మూడింటికి మబ్బేసింది. మిద్దె మీద వడియాలు తియ్యడానికి మోకాళ్ళు సహకరించలేదు. ఎందుకో మీ తాతయ్య గుర్తొచ్చారు."

"అయితే నైస్ డేనా, బ్యాడ్ డేనా?" అంది పాప.

"ఏమో తల్లీ. రేపు చెబుతాలే, పడుకో" అంది అమ్మ.